తమ్ముడి తలలో ఇరవై తొమ్మిదేళ్ల నాటి ఇనుప ముక్క: తీయించాలా, వదిలేయాలా?

గాజువాక అన్న

అందరికీ నమస్కారం. మాది విశాఖ, గాజువాక. విషయం మా తమ్ముడిది. వయసు ముప్పై ఆరు. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

మూడేళ్ల క్రితం ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటూ ఉండగా వాడి తల మెల్లగా ఎడమవైపు తిరిగింది, అటు నుంచి ఎవరో పిలిచినట్టు. చేతిలో ముద్ద అలాగే ఉంది. ఆ తర్వాత పడిపోయాడు. అమ్మ పరుగున వెళ్లి తాళాలగుత్తి తెచ్చి చేతిలో కుక్కింది. పక్కింటాయన షట్టరు లాగే కొక్కెం కూడా పట్టుకొచ్చాడు. ఇనుము తలలోనే ఉందని ఆ రోజు ఎవరికి తెలుసు!

అప్పుడు తీసిన సీటీ స్కాన్ రిపోర్టులో ‘కుడి ఫ్రాంటల్ భాగంలో (అంటే నుదుటి వెనక మెదడులో) చిన్న సున్నపు మచ్చ, పాత పురుగు మచ్చ కావచ్చు’ అని రాశారు. పురుగంటే బద్దె పురుగట. ఫిట్స్ మాత్రలతో పాటు పురుగుకని ఆల్బెండజోల్ కూడా వాడించారు. ఆ పురుగు క్యాబేజీతో వస్తుందని విని మా ఇంట్లో మూడేళ్లుగా అది వండలేదు. అయినా ఈ ఏడాది మళ్లీ రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. ఎంఆర్‌ఐ తీయమన్నారు.

స్కాన్ దగ్గర ఒక కుర్రాడు కాగితం చూసి అడుగుతున్నాడు: పేస్‌మేకర్ ఉందా, క్లిప్పులున్నాయా, ఒంట్లో ఎక్కడైనా ఇనుప రజను పడిందా? తమ్ముడు అన్నిటికీ లేదన్నాడు. అమ్మ బయట బల్ల మీద వాడి ఉంగరం, గడియారం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ‘చిన్నప్పుడు కంటి మీద ఇనుము తగిలింది బాబూ, కానీ అది అప్పుడే పోయింది’ అంది, మాటవరసకు. ఆ కుర్రాడు కలం పక్కన పెట్టి తమ్ముణ్ణి గది బయటికి తీసుకొచ్చాడు. ముందు ఎక్స్‌రే అన్నాడు. ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి తీశారు. కుడి కంటిగూటికి పైన, లోపల, నూక గింజంత తెల్లని చుక్క కనిపించింది.

1996లో ఆటోనగర్‌లోని మా నాన్న షెడ్డులో జరిగింది అది. నాన్న ఉలిని సుత్తితో కొడుతుంటే వీడు ఎదురుగా గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. అప్పటికి ఏడేళ్లు. కుడి కనురెప్ప మీద రక్తం వచ్చింది. పక్క వీధి డాక్టరు ఒక కుట్టు వేసి ‘కన్ను తప్పింది, అదృష్టవంతుడు’ అన్నారు. అంతే, మేమంతా మరిచిపోయాం.

ఇప్పుడు దీన్ని తీయించాలా? లోపల ఉంచితే తుప్పు పట్టదా? అసలు మూడేళ్ల క్రితం సీటీలో ఎందుకు కనిపించలేదు?

---

ఎక్స్‌రే మాస్టారు

గాజువాక అన్న గారూ, ముందు ఆ కుర్రాడికి ఒక దండం. ఎక్స్‌రే గదుల్లో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరైన వాణ్ని, ఆ కాగితాన్ని మొక్కుబడిగా నింపేవాళ్లను చాలామందిని చూశాను.

ఎంఆర్‌ఐ అయస్కాంతం మీట నొక్కితే పుట్టేది కాదు. రాత్రీ పగలూ, స్కాన్ ఉన్నా లేకపోయినా, లాగుతూనే ఉంటుంది. ఉక్కు ముక్క మెదడులో ఉంటే అది కదలవచ్చు, తిరగవచ్చు, పక్కనున్న రక్తనాళాన్ని కోయవచ్చు. సీసం, టైటానియం అయితే లాగదు. మీ వాడిది ఉలి ముక్క, అంటే ఉక్కే.

మన ఊరు చూడండి. షిప్‌యార్డు, ఉక్కు కర్మాగారం, ఆటోనగర్ షెడ్లు, ఫిషింగ్ హార్బర్‌లో పడవల మరమ్మతు. గ్రైండరు పట్టినవాడు లేని ఇల్లు తక్కువ. అందుకే వెల్డరో ఫిట్టరో ఎంఆర్‌ఐకి వస్తే ముందు కళ్లకు ఎక్స్‌రే తీసేవాళ్లం. కానీ మీ తమ్ముడు ఏ ఉద్యోగం చేస్తాడు?

---

గాజువాక అన్న

బ్యాంకులో గుమాస్తా మాస్టారూ. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

---

ఎక్స్‌రే మాస్టారు

అదే నేను అనేది. నాన్న చేసే పని కొడుకు కాగితంలో ఉండదు.

ఇంకో మాట. మీ నాన్నగారి ఉలి తల విచ్చుకుని ఉండేదా? సుత్తి దెబ్బలకు తల చుట్టూ పుట్టగొడుగు గొడుగులా రేకులు లేస్తాయి. గట్టిగా కొడితే అందులో ఒక రేకు తూటాలా ఎగురుతుంది. ఆ ఉలి ఇంకా ఉంటే పారేయకండి. 1996 నాటి ఎక్స్‌రే ఏదైనా ఉందా?

---

గాజువాక అన్న

ఎక్స్‌రే తీశారో లేదో నాన్నకు గుర్తు లేదు. అమ్మ మాత్రం తీశారంటుంది. పాత కాగితాలన్నీ మంచం కింద రేకుపెట్టెలో ఉండేవి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఇంట్లోకి నీళ్లొచ్చాయి. పెట్టె తెరిచేసరికి ఫిల్ములన్నీ అప్పడాల్లా ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీస్తే నలుపు చేతికి అంటింది. అన్నీ పారేశాం.

ఉలి సంగతి రేపు షెడ్డుకు వెళ్లి చూస్తాను.

---

నీలిసంద్రం

నేను రేడియాలజీలో పీజీ చేస్తున్నాను. మీ సీటీ ప్రశ్నకు జవాబు రాస్తాను.

సీటీలో ప్రతి చుక్కకూ ఒక అంకె ఉంటుంది. నీళ్లు సున్నా, గాలి మైనస్ 1000, మెదడు ముప్పై నలభై దగ్గర, తాజా రక్తం అరవై నుంచి ఎనభై వరకు, గట్టి ఎముక వెయ్యి, ఆపైన. లోహం ఇంకా చాలా పైన. ఈ కొలతకు హౌన్స్‌ఫీల్డ్ పేరు పెట్టారు. 1971లో మొదటి రోగి తలకు సీటీ తీసింది ఆయన యంత్రమే, 1979లో నోబెల్ కూడా వచ్చింది.

చిక్కు ఎక్కడంటే, మనిషి కన్ను అన్ని వేల మెట్ల బూడిదరంగును విడదీసి చూడలేదు. అందుకే తెర మీద కొంత మేరే చూపిస్తాం. మెదడు చూసే అమరికలో సాధారణంగా సున్నా నుంచి ఎనభై వరకే. ఎనభై దాటినదంతా ఒకటే తెలుపు. రెండు వందలున్న సున్నపు మచ్చా తెల్లగానే ఉంటుంది, మూడు వేలున్న ఉక్కూ తెల్లగానే ఉంటుంది. ఎముకలు చూసే అమరికకు మారిస్తే సున్నం మసకబారుతుంది, ఉక్కు మాత్రం మెరుస్తూనే ఉంటుంది.

లోహం చుట్టూ నక్షత్రంలా గీతలు రావాలి కదా అని అడగవచ్చు. ముక్క మరీ చిన్నదై, కోతలు ఐదు మిల్లీమీటర్ల మందంతో తీస్తే గీతలు పలచబడతాయి. ఫిట్స్ వచ్చిన మనిషి కదిలితే వచ్చే గీతలూ అలాగే ఉంటాయి. పైగా మన దేశంలో మూర్ఛతో వచ్చిన వయోజనుడి మెదడులో చిన్న తెల్ల చుక్క కనిపిస్తే మనసు మొదట బద్దె పురుగు మీదికో క్షయ మీదికో పోతుంది. ఎక్కువసార్లు అదే నిజం కూడా. రిపోర్టు రాసినవారిని వెనకేసుకురావడం లేదు, కానీ ‘చిన్నప్పుడు కంటి మీద ఉలి ముక్క తగిలింది’ అన్న ఒక్క వాక్యం కాగితం మీద ఉండి ఉంటే వారు ఎముకల అమరికలో కూడా చూసేవారు.

మరొకటి: సున్నంగా మారిన మచ్చ అంటే చచ్చిపోయిన పురుగు. దానికి ఆల్బెండజోల్ అవసరమే లేదు. క్యాబేజీ వండుకోండి, శుభ్రంగా కడిగి.

మూడేళ్ల నాటి సీడీ ఉందా? ఫిల్ము కాదు, సీడీ. అందులో ఆ చుక్క మీద అంకె ఎంతో చూడవచ్చు.

---

సందేహాలరావు

నాకు ఇదంతా సినిమా కథలా ఉంది. సుత్తి దెబ్బకు ఎగిరిన ముక్క పుర్రె ఎముకను చీల్చుకుని పోతుందా? పోయినా ఇరవై ఆరేళ్లు గుట్టుగా కూర్చుంటుందా? ప్రతి పిల్లవాడూ ఎప్పుడో ఒకప్పుడు తల మీద పడినవాడే. ఇది చదివి రేపు వంద మంది అమ్మలు పిల్లల తలలకు స్కాన్లు తీయిస్తారు.

---

వార్డు సిస్టర్

న్యూరో సర్జరీ వార్డులో పనిచేశానండీ. సందేహాలరావు గారూ, పుర్రె అంతా ఒకే మందం ఉండదు. కంటిగూటికి పైకప్పు పిల్లల్లో కోడిగుడ్డు పెంకులా ఉంటుంది. పెద్దవాళ్లకు నుదుటి ఎముకలో గాలి గది ఉంటుంది, పిల్లలకు ఆరేడేళ్ల దాకా అది సరిగ్గా ఏర్పడదు. కనురెప్ప, పలచటి ఎముక, దాని పైన మెదడు, అంతే. కనురెప్ప చర్మం వదులుగా ఉంటుంది కాబట్టి గాయం వెంటనే మూసుకుపోతుంది. బయట అరంగుళం గీత చూసి లోపల ఏమీ లేదనుకుంటాం.

పసిపిల్లలకైతే మాడు ఉంటుంది. అది పూర్తిగా మూసుకోవడానికి సాధారణంగా ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. పసితనంలో మాడు గుండా దిగిన కుట్టుసూది నలభై, యాభై ఏళ్ల తర్వాత ఇంకేదో తలనొప్పికి ఎక్స్‌రే తీస్తే బయటపడ్డ ఉదంతాలు ఇరాన్, తుర్కియే వైద్యులు రాశారు. ఆ సూది ప్రమాదవశాత్తూ దిగినది కాదని కూడా రాశారు. ఆ మాట ఇక్కడితో ఆపుతాను.

కింద పడి తల బొప్పి కట్టిన ప్రతి పిల్లవాడికీ స్కాన్ అక్కర్లేదన్నది మాత్రం ఒప్పుకుంటాను. మొద్దు దెబ్బ వేరు, మొనదేలినది గుచ్చుకోవడం వేరు.

---

మద్దిలపాలెం అమ్మ

సిస్టర్ గారు చెప్పింది నా కళ్లతో చూశాను. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

2019, శ్రీరామనవమి రోజులు. పాపకు అప్పుడు నాలుగేళ్లు. వాళ్ల అన్న కొబ్బరి చీపురు పుల్లలతో బాణాలు చేశాడు. ఒక పుల్ల చేత్తో పట్టుకుని పరుగెడుతూ గడప తట్టుకుని పడింది. ఎడమ కనురెప్పలో గుచ్చుకుంది. మావారు కంగారుగా లాగేశారు. ఒక్క రక్తపు బొట్టు. కన్ను బాగానే చూస్తోంది. కంటి డాక్టరు చుక్కల మందు రాసి పంపారు.

మూడో వారంలో జ్వరం మొదలైంది. పొద్దున లేవగానే వాంతులు. అన్నం ఎదురుగా పెడితే కూర్చునే నిద్రపోయేది. తలకు సీటీ తీశారు. చీము గడ్డ ఉందన్నారు, దాని పక్కన నల్లటి గీత ఒకటి. గాలి బుడగ అనుకున్నారట మొదట. రాత్రి డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరు వచ్చి ‘ఏం గుచ్చుకుందమ్మా, ఇనుమా, కర్రా?’ అని అడిగారు. చీపురు పుల్ల అన్నాను. ఆయన కంప్యూటర్ దగ్గరికి వెళ్లి ఏదో మార్చి, నన్ను పిలిచి చూపించారు. ‘గాలికి ఇంత తిన్నని అంచు ఉండదు’ అన్నారు. ఆపరేషన్‌లో తీసిన ముక్కను చిన్న సీసాలో చూపించారు. నా చిటికెనవేలి గోరు కంటే కొంచెం పొడవు, అంతే. గోధుమరంగు, మెత్తబడిపోయింది. మా ఇంటి చీపురుదే.

పాప ఇప్పుడు బడికి వెళ్తోంది, లెక్కల్లో నన్నే ఓడిస్తుంది. ఇంట్లో చీపురు మాత్రం అటక మీద ఉంటుంది.

---

నీలిసంద్రం

అమ్మగారూ, ఆ చిన్న డాక్టరుకు నా నమస్కారం చెప్పాలనుంది. ఎండు కర్రలో గాలి నిండి ఉంటుంది కనుక సీటీలో గాలిలాగే నల్లగా కనిపిస్తుంది. రోజులు గడిచి తేమ పీల్చుకునే కొద్దీ దాని రంగు మారుతూ మెదడులో కలిసిపోతుంది, అప్పుడు ఇంకా కష్టం. మామూలు ఎక్స్‌రేలో కర్ర అసలు కనిపించదు. గాజు పెంకు దాదాపు ఎప్పుడూ కనిపిస్తుంది. పెన్సిల్ అయితే మధ్యలో గ్రాఫైట్ పుల్ల తెల్లగా, చుట్టూ కర్ర నల్లగా. ప్లాస్టిక్ చిక్కుది, ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది. కర్ర విషయంలో, లోహం లేదని నిర్ధారించుకున్నాక, ఎంఆర్‌ఐ చాలా పనికొస్తుంది.

గుచ్చుకున్నది బయటే ఉంటే లాగవద్దు, అలాగే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అదే రక్తనాళానికి బిరడాలా అడ్డుపడి ఉండవచ్చు. ఇప్పటికే లాగేసి ఉంటే ఆ ముక్కను పారేయకుండా వెంట తీసుకెళ్లండి. అలాంటిదే మరో పుల్ల పక్కన పెట్టి చూస్తే ఎంత విరిగిందో తెలుస్తుంది.

---

సందేహాలరావు

చీపురు పుల్ల సంగతి చదివాక నా ‘సినిమా కథ’ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇరవై ఆరేళ్ల గుట్టు సంగతి మాత్రం ఇంకా అర్థం కాలేదు.

---

మాత్రల డబ్బా

దానికి నేను చెప్తాను, పాతికేళ్లుగా మూర్ఛతో కాపురం చేస్తున్నవాణ్ని. నాది చిన్నప్పటి మెదడువాపు జ్వరం వల్ల మిగిలిన మచ్చ. జ్వరం వచ్చింది ఐదో ఏట, మొదటి ఫిట్స్ ఇంటర్ పరీక్షల ముందు. మచ్చ మొదటి రోజు నుంచీ ఉంది, దాని చుట్టూ ఉన్న కణాలు రాజుకోవడానికి అన్నేళ్లు పట్టింది. కర్ర, బట్టపీలిక లాంటివి క్రిములను వెంట తెస్తాయి, వారాల్లోనే చీము పడుతుంది. వేగంగా దూసుకుపోయిన చిన్న ఉక్కు ముక్క అలా కాదు, చుట్టూ కణజాలం గూడు కట్టుకుని ఊరుకోవచ్చు. అలా అని ఎప్పటికీ ఊరుకుంటుందని హామీ లేదు.

గాజువాక అన్న గారూ, ఈలోగా తమ్ముణ్ణి బండి నడపనివ్వకండి. సముద్రంలో దిగనివ్వకండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రి. తాళాలు తలుపుకే ఉంచండి.

---

కైలాసగిరి (నిర్వాహకుడు)

ఒక ఆసుపత్రి పేరు పెట్టి తిడుతూ వచ్చిన రెండు వ్యాఖ్యలు తీసేశాను. అనుభవం రాయండి, పేర్లు వద్దు.

---

గాజువాక అన్న

రెండు కబుర్లు.

సీడీ దొరికింది. చదివే యంత్రం ఇంట్లో లేక డాబాగార్డెన్స్‌లో ఒక నెట్ దుకాణానికి వెళ్లాం. సీడీలోనే ఉన్న ప్రోగ్రాము తెరిచి, నీలిసంద్రం గారు విడిగా పంపిన సూచనలు చూస్తూ తమ్ముడే ఆ చుక్క మీద బాణం పెట్టాడు. 3071 అని వచ్చింది. ఇంకో చోట పెట్టినా 3071. యంత్రం తప్పేమో అనుకున్నాం.

ఉలి కూడా దొరికింది. నాన్న దాన్ని ఏనాడూ మార్చలేదు. తల చుట్టూ రేకులు వంగి ఉన్నాయి, మాస్టారు అన్నట్టు గొడుగులాగే. ఒకచోట రేకు లేదు, పాత గాయంలా నల్లబడి ఉంది. అయస్కాంతం దగ్గర పెడితే టక్కున అంటుకుంది. నాన్న ఆ చోటును బొటనవేలితో తడుముతూ చాలాసేపు నిలబడ్డారు. ఏమీ మాట్లాడలేదు.

---

నీలిసంద్రం

యంత్రం తప్పు కాదండీ. చాలా సీటీ యంత్రాల కొలబద్ద 3071 దగ్గర ముగుస్తుంది. అసలు విలువ అంతకంటే ఎక్కువని అర్థం. సున్నపు మచ్చ అక్కడిదాకా రాదు. మూడేళ్ల క్రితమే ఆ అంకె ఆ సీడీలో ఉంది.

ఇక మీ డాక్టర్లు బహుశా పలచటి కోతలతో మళ్లీ సీటీ, రక్తనాళాలు చూసేందుకు మందు ఎక్కించి సీటీ యాంజియో, మెదడులోని విద్యుత్ తరంగాలు చూసే ఈఈజీ రాస్తారు. యాంజియో ఎందుకంటే ముక్క పోయిన దారిలో రక్తనాళం గోడ దెబ్బతిని బుడగలా ఉబ్బి ఉండవచ్చు. మీరు మొదటి పోస్టులో తల ఎడమకు తిరిగిందని రాశారు కదా, అది డాక్టరుకు తప్పక చెప్పండి. కుడి ఫ్రాంటల్ నుంచి వచ్చే ఫిట్స్‌కు అది సరిపోతుంది.

---

వార్డు సిస్టర్

ఇవి మాత్రం గుర్తుంచుకోండి: జ్వరంతో తలనొప్పి, పొద్దుటి పూట వాంతులు, మత్తుగా ఉండటం, ముక్కులోంచి నీళ్లలాంటి ద్రవం కారడం. ఏది కనిపించినా అపాయింట్‌మెంటు కోసం ఆగకండి.

---

గాజువాక అన్న (మూడు వారాల తర్వాత)

ఆలస్యానికి మన్నించండి. పరీక్షలన్నీ అయ్యాయి. న్యూరో సర్జన్ దగ్గరికి నాన్న కూడా వచ్చారు, ఉలిని పాత పేపర్లో చుట్టి సంచిలో పెట్టుకుని. డాక్టరు గారు నవ్వుతారేమో అనుకున్నాను. ఆయన దాన్ని తీసుకుని, విరిగిన చోటును స్కేలుతో కొలిచి, తెర మీది ముక్కను కూడా కొలిచారు. రెండూ మూడు మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ.

చీము లేదు. రక్తనాళం ఉబ్బలేదు. ఈఈజీలో కుడి ముందు భాగంలోనే తేడా ఉంది. ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో: ఫిట్స్ తెప్పిస్తున్నది ముక్క కంటే దాని చుట్టూ ఏర్పడిన మచ్చ. ముక్కను మాత్రం తీస్తే మచ్చ మిగులుతుంది, తీయడానికి వెళ్లే దారిలో కొత్త మచ్చ పడుతుంది. ఇన్నేళ్లూ వాడిన మాత్ర మోతాదు తక్కువట. దాన్ని పెంచి, రెండో మందు కలిపారు. సరైన మందులు రెండు, సరైన మోతాదులో వాడినా ఆగకపోతే అప్పుడు ముక్కనూ మచ్చనూ కలిపి తీసే ఆపరేషన్ గురించి మాట్లాడదాం అన్నారు. ఆరు నెలలకు సీటీ తీసి ముక్క అక్కడే ఉందో జరిగిందో చూస్తారు. తుప్పు గురించి అడిగాను. రసాయనికంగా చుట్టూ కొంత ప్రభావం ఉంటుందని, రాగి అయితే ఇంకా చెడ్డదని అన్నారు.

పర్సులో పెట్టుకోవడానికి ఒక కార్డు రాసిచ్చారు: ‘మెదడులో ఉక్కు ముక్క ఉంది. ఎంఆర్‌ఐ చేయరాదు.’ తమ్ముడు దాన్ని బ్యాంకు గుర్తింపు కార్డు వెనక పెట్టాడు.

---

మాత్రల డబ్బా

మంచి డాక్టరు దొరికారు. మాత్ర ఒక్క పూట కూడా తప్పనివ్వకండి. ఫోనులో రెండు అలారాలు పెట్టించండి, ఒకటి చాలదు, అనుభవంతో చెప్తున్నాను.

---

ఎక్స్‌రే మాస్టారు

నాన్నగారు ఎలా ఉన్నారు?

---

గాజువాక అన్న

నిన్న షెడ్డుకు వెళ్లి చూస్తే గ్రైండరు ముందు కూర్చుని ఉన్నారు మాస్టారూ. షెడ్డులో ఉన్న పదకొండు ఉలులూ వరసగా పెట్టుకుని, ఒక్కొక్కదాని తల చుట్టూ లేచిన రేకులు నున్నగా సాన పడుతున్నారు. పక్క షెడ్డు వాళ్లవి కూడా అడిగి తెచ్చుకున్నారు.

---

ఎక్స్‌రే మాస్టారు

కళ్లద్దాలు పెట్టుకున్నారా?

---

గాజువాక అన్న

లేదు. సాయంత్రం పూర్ణా మార్కెట్ దగ్గర రెండు జతలు కొన్నాను.